బీగంచెవిలో బిళ్ళ

ఈసారి రాయబోయేది చాలా చిన్న వస్తువు గురించి. రూపాయి బిళ్ళంత ఉంటుంది, బరువు మూడు గ్రాములు. కారు బీగంచెవిలో, అంటే మనమంతా రిమోట్ అని పిలుచుకునే దాని కడుపులో కూర్చునే సెల్లు. దీని మీద కూడా వ్యాసమా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం బాధ లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సెల్లు మార్చడం ఇంటి పని. షోరూం పని కాదు, మగవాళ్ళ పని అంతకన్నా కాదు. గ్యాస్ సిలిండరు మార్చడం ఎలా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలో, ఇదీ అలాగే తెలిసి ఉండాలి. ఇక రెండో మాట, మొదటిదానికంటే ముఖ్యమైనది: బయటికి తీసిన పాత సెల్లును ఇంట్లో నిప్పుతో సమానంగా చూడాలి.

మా అనంతపురం వాళ్ళం కార్ల గురించి మాట్లాడితే ఒకప్పుడు వింతగా ఉండేది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మాది. శెనక్కాయ పండితే పెళ్ళి, పండకపోతే వలస. అలాంటి చోట, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్ళు కార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019లో సెల్టోస్ బండ్లు బయటికి రావడం మొదలైంది. 2023 నాటికి అక్కడ తయారైన కార్లు పది లక్షలు దాటాయి. 2022లో జిల్లాలు విడిపోయాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది కానీ మా నోట్లో అది ఇంకా మా జిల్లానే. బెంగళూరు రోడ్డులో పోయేటప్పుడు వరసగా నిలబెట్టిన కొత్త కార్లను చూసి పిల్లలు లెక్కపెట్టేవాళ్ళు. అంటే కార్లు తయారుచేసే నేల మనది. ఆ కారు బీగంచెవిలో బిళ్ళ మార్చడం మాత్రం మనకు ఇంకా బ్రహ్మవిద్యే!

తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి మాట దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేను. కోస్తా వాళ్ళు తాళం అంటారు, మేము బీగం అంటాం. కన్నడ వాళ్ళకీ అది బీగమే. కానీ దాన్ని తెరిచే ముక్కను వాళ్ళు "బీగద కై" అంటారు, అంటే బీగం చెయ్యి. మనం మాత్రం చెవి అన్నాం. తాళంచెవి, బీగంచెవి. ఇనుప ముక్కకు చెవి అన్న పేరు ఎందుకొచ్చిందో గానీ, ఇప్పటి కారు కీకి మాత్రం అది అతికినట్టు సరిపోయింది. ఎందుకంటే ఇది నిజంగానే వింటుంది.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో జరిగేది ఇది. మనం తలుపు పిడి మీద చెయ్యి వేయగానే కారు సన్నగా ఒక పిలుపు పంపుతుంది. అది ఒకటి రెండు మీటర్ల దూరం మాత్రమే పోయే రేడియో పిలుపు. మన బ్యాగులోనో, మన పక్కనున్న ఆయన జేబులోనో ఉన్న కీ ఆ పిలుపు విని, "నేనే, నేనే" అని తన రహస్య సంకేతంతో జవాబు చెబుతుంది. అది సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి కీ పగలూ రాత్రీ చెవి రిక్కించుకునే ఉండాలి. అందుకే మనం బటన్ నొక్కినా నొక్కకపోయినా సెల్లు కొంచెం కొంచెంగా ఖర్చయిపోతూనే ఉంటుంది. బీరువాలో చీరల మధ్య దాచిన రెండో కీ కూడా ఇలాగే వింటూ కూర్చుంటుంది. "దాన్ని వాడనేలేదు, దాని సెల్లు ఎందుకు అయిపోతుంది?" అనే ప్రశ్నకు జవాబు ఇదే. మొదటి కీకి మార్చిన రోజే రెండోదానికీ మార్చాలి.

అయిపోయే ముందు అది చెబుతుంది కూడా. మునుపు ఇరవై అడుగుల నుంచి తెరుచుకునే తలుపు ఇప్పుడు దగ్గరికి పోయి రెండుసార్లు నొక్కితే గానీ తెరుచుకోదు. చాలా కార్లలో ముందు అద్దాల దగ్గరుండే తెర మీద కీ బ్యాటరీ తగ్గిందని ఒక వాక్యం కనిపిస్తుంది. మనం దాన్ని పెట్రోలు గుర్తంత సీరియస్‌గా తీసుకోం. ఎండల సంగతి వేరే చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే ఊరు మాది. మూసిన కారు లోపల వేడి ఇంకా ఎక్కువ. అందులో కీ వదిలేస్తే సెల్లు ఆయుష్షు తగ్గుతుంది. అసలు కారులో కీ వదలడమే మంచిది కాదనుకోండి, అది వేరే కథ.

మూడేళ్ళ కిందట కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో బంధువుల పెళ్ళి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. మా ఆడపడుచు వాళ్ళ కారు తెరుచుకోలేదు. ఇక చూడాలి! ఒకాయన రిమోట్‌ను అరచేతిలో కొట్టి చూసినాడు. ఇంకొకాయన గడ్డం కింద పెట్టుకుని నొక్కినాడు. మరొకాయన ఊదినాడు. నాలుగో ఆయన ఎవరికో ఫోన్ చేస్తే, సాయంత్రానికి మనిషిని పంపుతామన్నారు. మేము ఆడవాళ్ళం చింతచెట్టు నీడలో పిల్లలకు విసురుతూ కూర్చున్నాం. మా ఆడపడుచు రెండుసార్లు లేచింది, "నాకు ఇట్లియ్యండి" అని. "ఉండు నువ్వు, ఊరికే దాన్ని చెడగొడతావు" అన్నారు. ఇరవై నిమిషాలు గడిచినాయి. మూడోసారి ఆమె అడగలేదు, చేతిలోంచి తీసుకుంది. రిమోట్ పక్కనున్న చిన్న మీట నొక్కి లోపలి నుంచి సన్నటి ఇనుప చెవి బయటికి లాగింది. తలుపు పిడి దగ్గర దాన్ని దూర్చి తిప్పింది. తలుపు తెరుచుకుంది, కారు కుయ్యోమని అరిచింది. అరిస్తే అరవనీ అన్నట్టు లోపల కూర్చుని, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కింది. బండి స్టార్ట్ అయింది, అరుపు ఆగింది.

"ఎవరు నేర్పినారమ్మా నీకు?" అన్నాడు వాళ్ళాయన.

"కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంది. మీరు దాని ప్లాస్టిక్ కవరు కూడా చించలేదు" అంది.

నవ్వుకున్నాం గానీ, ఆ ఇరవై నిమిషాల గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తెలిసిన మనిషి అక్కడే ఉంది. తెలియని నలుగురి చేతుల్లో రిమోట్ ఉంది. మన ఇళ్ళల్లో చాలా పనులు ఇట్లే ఆలస్యమవుతాయి. చేతకాక కాదు, చేతనైనవాళ్ళ చేతికి ఇవ్వక.

ఇందులో మంత్రం ఏమీ లేదు. రిమోట్ లోపల ఇంకో చిన్న చిప్పు ఉంటుంది. దానికి సెల్లు అక్కర్లేదు. స్టార్ట్ బటన్ దగ్గరున్న తీగచుట్ట నుంచి అరువు తెచ్చుకున్న కరెంటుతోనే అది తన గుర్తు చెప్పగలదు. అందుకే సెల్లు చచ్చిపోయినా రిమోట్‌ను బటన్‌కు ఆనిస్తే బండి కదులుతుంది. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు బటన్ కాదు, సీట్ల మధ్య గూడో, స్టీరింగ్ పక్కనో ఉంటుంది. కొన్నింటిలో తలుపు మీది రంధ్రం ఒక మూత వెనక దాగి ఉంటుంది. మీ కారులో ఎక్కడుందో ఈ ఆదివారమే పుస్తకం తీసి చూడండి. ఆ పుస్తకం బండి లోపల, బీగం వేసిన తలుపు వెనక ఉంటుందని మరిచిపోకండి. చూడాల్సింది కష్టం రాకముందే.

మా వైపు దూరాలు ఎక్కువ, మనుషులు తక్కువ. రాయదుర్గం నుంచి వస్తుంటే మైళ్ళకొద్దీ ఒక గాలిమర తప్ప పలకరించేది ఉండదు. అలాంటి చోట పిల్లలతో, మందులు వేసుకోవాల్సిన అత్తమామలతో నిలబడిపోవడం చిన్న విషయం కాదు. ఈ రెండు నిమిషాల విద్య అందుకే ముఖ్యం.

ఇక సెల్లు మార్చడం. ఇనుప చెవి బయటికి తీశాక, అది ఉన్న చోట ఒక సన్నని గాడి కనిపిస్తుంది. అందులో నాణెమో, గుడ్డ చుట్టిన చిన్న స్క్రూడ్రైవరో పెట్టి మెల్లగా తిప్పితే రెండు చిప్పలూ విడిపోతాయి. చిక్కుడుకాయ ఒలిచినట్టు ఒలవాలి, కొబ్బరికాయ కొట్టినట్టు కాదు. లోపలున్న బిళ్ళ మీద నంబరు రాసి ఉంటుంది. చాలావాటిలో సీఆర్2032. ఆ నంబరులో రహస్యమేమీ లేదు. సీ అంటే లోపలుండే రసాయనం రకం, ఆర్ అంటే గుండ్రం, 20 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. సీఆర్2025 అయితే అదే వెడల్పు, మందం 2.5. రెండూ మూడు వోల్టులవే, అయినా ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. పలచనిది వదులై కదులుతుంది, మందమైనది పెడితే మూత సరిగా పడదు. ప్లస్ గుర్తు పైకి ఉందా కిందికి ఉందా చూసి, వీలైతే ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, కొత్తదాన్ని అంచులు పట్టుకుని అదే వైపు పెట్టాలి. వేలి జిడ్డు అంటకుండా పొడి గుడ్డతో పట్టుకుంటే ఇంకా మంచిది. మూత టక్కుమని పడేదాకా నొక్కాలి. అంతే.

"సెల్లు తీస్తే కీ అన్నీ మరిచిపోతుంది, మళ్ళీ ప్రోగ్రాం చేయించాల" అని చాలామంది భయపెడతారు. చాలా కార్లలో అట్లా ఏమీ కాదు. కీ తన రహస్యాన్ని సెల్లు లేకపోయినా చెరిగిపోని చోట దాచుకుంటుంది. సెల్లు కొనేటప్పుడు మాత్రం విడిగా డబ్బాలో పోసి ఉన్నవి కాకుండా, అట్టకు సీలు వేసి తేదీ ఉన్నది తీసుకోండి. వాచీలు బాగుచేసే అంగడిలో, పెద్ద కిరాణాలో, మందుల షాపుల్లో కూడా దొరుకుతాయి.

దీనికి ఎదురుమాటలు నాకు తెలుసు. "కొత్త కీ కావాలంటే వేలు పోయాల, ఇంట్లో గెలికి విరగ్గొడితే?" నిజమే. అందుకే మొదటిసారి షోరూంలోనే చేయించుకోండి. కానీ లోపల ఏసీ గదిలో టీ తాగుతూ కాదు, పక్కన నిలబడి చూస్తూ చేయించుకోండి. చేసే అబ్బాయి ఒక్క నిమిషం ఆగి చూపించమంటే కాదనడు. రెండోసారి మీరే చేయండి. "పని ఇచ్చేవాళ్ళుంటేనే కదా పనివాళ్ళు బతికేది" అనేవాళ్ళూ ఉన్నారు. చేతిపని మీద బతికేవాళ్ళంటే నాకూ గౌరవమే. వాచీ అంగడాయన దగ్గరకు పోయి చేయించుకుని ఆయన అడిగినది ఇవ్వండి. నేను వద్దనేది పని ఇవ్వడాన్ని కాదు, మన చేతిలో రోజూ ఉండే వస్తువు లోపల ఏముందో తెలుసుకోకపోవడాన్ని.

మా అత్తగారి తరం దగ్గర ఈ తెలియకపోవడం లేదు. బీగంచెవుల గుత్తి మొలలో ఉండేది. ఏ చెవి ఏ బీగానిదో చీకట్లో తడిమి చెప్పేది. బీగం బిగుసుకుంటే ఆముదం చుక్క వేసి తిప్పేది. ధాన్యం గదికి, డబ్బు పెట్టెకు ఆమే కాపలా. ఆ గుత్తి ఒట్టి ఇనుము కాదు, ఇంట్లో ఆమె మాటకున్న బరువు. మరి మన కాలానికి వచ్చేసరికి, ఇంటికి అన్నిటికంటే ఖరీదైన బీగంచెవి వచ్చినప్పుడు, అది ఎందుకు మన చేతి నుంచి జారి ఒకరి జేబులోకి పోయింది? రెండు కీలు ఇస్తారు కదా. రెండోది బీరువాలో కాదు, ఇల్లాలి బ్యాగులో ఉండాలని నేనంటాను. కారు తోలడం రాకపోయినా సరే.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయానికి వస్తాను. ఇంతవరకు రాసింది మరిచిపోయినా పర్వాలేదు, ఇది మాత్రం మరవకండి.

కొత్త బిళ్ళ పెట్టాక పాత బిళ్ళ ఎక్కడికి పోతుంది? టీవీ స్టాండు మీదికి. కిటికీ గూట్లోకి. "అయిపోయిందే కదా" అని పిల్లాడి చేతికి ఆడుకోవడానికి ఇచ్చినవాళ్ళను కూడా చూసినాను. మా తమ్ముడి కొడుక్కి పద్నాలుగు నెలలు. నేల మీద ఏది దొరికినా తిన్నగా నోట్లోకే. వాడు ఇంటికొస్తున్నాడంటే నేను ముందు మంచాల కింద, సోఫా సందుల్లో వెతుకుతాను.

ఎందుకంటే రిమోట్‌కు అయిపోయిన సెల్లు నిజంగా అయిపోలేదు. కారును పిలవడానికి చాలని కరెంటు, పసిబిడ్డ గొంతును కాల్చడానికి చాలు. ఇరవై మిల్లీమీటర్ల బిళ్ళ చిన్న పిల్లల అన్ననాళంలో సరిగ్గా ఇరుక్కునే కొలత. ఇరుక్కున్నాక అక్కడి తడి వల్ల దానిలోంచి కరెంటు పారుతుంది, ఆ చోట ఘాటైన క్షారం పుడుతుంది. ముగ్గు సున్నం కళ్ళలో పడితే ఎట్లుంటుందో తెలుసు కదా, ఇది దానికంటే ఘోరం. రెండు గంటల్లోనే లోపలి కండ తీవ్రంగా కాలిపోవచ్చు. బిళ్ళ పగలక్కర్లేదు, కారక్కర్లేదు. పైకి ఒక్కోసారి ఏమీ కనిపించదు కూడా. కాస్త దగ్గు, చొంగ, అన్నం వద్దనడం, అంతే. మనం జలుబనుకుంటాం.

అనుమానం వస్తే చాలు, రుజువు కోసం ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పోవాలి. వాంతి చేయించకూడదు. అరటిపండు మింగించకూడదు, నీళ్ళు కూడా పట్టకూడదు. బిడ్డకు ఏడాది నిండి, మింగి పన్నెండు గంటలు దాటకుండా, గుటక వేయగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వవచ్చని, ఆరుసార్లు మించకూడదని అమెరికాలోని విష చికిత్సా కేంద్రం సూచన ఉంది. అది కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అంతేగానీ వైద్యం కాదు. ఏడాది లోపు పసివాళ్ళకు తేనె పనికిరాదు. ఇంట్లో తేనె లేకపోతే దానికోసం వెతుకుతూ ఒక్క నిమిషం పోగొట్టవద్దు. డాక్టరుకు "బటన్ సెల్ మింగినాడేమో" అని ఆ మాటే చెప్పండి. ఎక్స్‌రేలో అది నాణెంలాగే కనిపిస్తుంది, అంచు దగ్గర రెండు వలయాలుగా ఉండటాన్ని బట్టి గుర్తుపడతారు. ముక్కులోనో చెవిలోనో పెట్టుకున్నా ఇదే తొందర అవసరం.

ఇది నా ఒక్కదాని భయం కాదు. ఆస్ట్రేలియా 2022 జూన్ నుంచి ఇలాంటి సెల్లులకు, అవి వాడే వస్తువులకు తప్పనిసరి భద్రతా నియమాలు పెట్టింది. ప్రపంచంలో అదే మొదటిది. అదే ఏడాది అమెరికా రీస్ చట్టం తెచ్చింది, సెల్లు మింగి చనిపోయిన ఏడాదిన్నర పాప పేరు మీద. వస్తువుల మూతలు పిల్లలు తెరవలేనట్టు ఉండాలని దాని సారాంశం. మన కారు కీ మూత మాత్రం గట్టిగా కింద పడితే ఊడిపోవచ్చు. అందుకే పిల్లాడు ఏడుస్తున్నాడని కారు కీ చేతికివ్వడం మానేయాలని గట్టిగా చెబుతాను. అమ్మమ్మలు, తాతయ్యలు కోపం తెచ్చుకున్నా సరే. ఏడుపు ఐదు నిమిషాల్లో ఆగుతుంది.

పాత సెల్లు తీసిన వెంటనే రెండు వైపులా సెల్లోటేపు అతికించాలి. ఇంకో సెల్లుకో, ఇనుముకో తగిలి వేడెక్కకుండా. మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, పై అటక మీద పెట్టాలి. చెత్తబండిలో తడి చెత్తతో కలపకూడదు. 2016 నాటి చెత్త నియమాలు బ్యాటరీలను ఇంటి ప్రమాదకర చెత్తగా లెక్కగట్టి, వేరుగా ఇవ్వమన్నాయి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు కూడా వాటిని వేరుగా ఉంచి, సేకరించేవాళ్ళకు అప్పగించమంటున్నాయి. వీధి చివర ఆ సేకరించేవాళ్ళు ఎక్కడ అని మీరు అడుగుతారు. నేనూ అదే అడుగుతున్నాను. సెల్లు అమ్మే ప్రతి అంగడిలో, సెల్లు మార్చే ప్రతి షోరూంలో పాతవి వేసే ఒక డబ్బా ఉండాలి. మనం కొనేటప్పుడు "పాతది మీరు తీసుకుంటారా?" అని అడగడం మొదలుపెడితే డబ్బా దానంతట అదే వస్తుంది. శెనక్కాయ చేలల్లో, చెరువు గట్ల మీద ఇప్పటికే చాలా పడేసినాం. ఎండిన చెరువులో పడినది వాన వచ్చినప్పుడు ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

కాబట్టి ఈ వారం మూడు పనులు. బీరువాలోని రెండో కీ తీసి, లోపలి ఇనుప చెవి ఎక్కడుందో వెతకండి. ఇంట్లో ఉన్న ఆడపిల్లకు, మగపిల్లాడికి ఇద్దరికీ చూపించండి. ఆ తర్వాత సొరుగులన్నీ ఒకసారి కుమ్మరించి, ఎక్కడెక్కడో పడి ఉన్న పాత బిళ్ళలు ఏరండి. కారు కీవే కాదు, బరువు చూసే యంత్రం, దీపావళి దీపాలు, పాడే గ్రీటింగ్ కార్డు, అన్నిటిలోనూ ఇవే ఉంటాయి. ఎన్ని దొరికాయో నాకు రాయండి. మా ఇంట్లో ఏడు దొరికాయి.